చెలకలో గాలిమర: రెక్కల కంటే ముందు స్తంభం లెక్క

వికారాబాద్ జిల్లా పరిగి చుట్టుపక్కల తిరిగే పెద్ద పంకాలను చూసినవాళ్లకు సహజంగానే ఒక ఆలోచన వస్తుంది. బాయికాడ చిన్నది ఒకటి నిలబెడితే కరెంటు బాధ తీరదా అని. అక్కడున్నవి 100.8 మెగావాట్లు. తెలంగాణ మొత్తంలో గాలి కరెంటు సామర్థ్యం 128 మెగావాట్లు, అంటే ముప్పావు వంతు పైనే ఆ ఒక్క చోట ఉంది. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో అది 4,000 మెగావాట్లు దాటింది. మన దగ్గర గాలి లేదని కాదు, నేలకు దగ్గరగా లేదు. చెన్నైలోని జాతీయ పవన విద్యుత్ సంస్థ 100 మీటర్ల ఎత్తులో లెక్కగడితే తెలంగాణకు సుమారు 4.2 గిగావాట్ల అవకాశం తేలింది. 120 మీటర్లలో లెక్కగడితే అదే 24 గిగావాట్లు దాటింది. ఇరవై మీటర్లు పైకి పోతేనే ఇంత తేడా. ఇక ఇంటి డాబా మీద, నేలకు ఎనిమిది మీటర్ల ఎత్తులో పెట్టే చిన్న గాలిమర సంగతి ఎట్లుంటుందో ఊహించుకోవచ్చు.

నల్లగొండ, మహబూబ్‌నగర్, నారాయణపేట చెలకల్లో ఒక కిలోవాట్ లోపు గాలిమర పెట్టాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. ముందే ఒక మాట. ఐదు హెచ్‌పీ బోరు మోటారు దీంతో నడవదు. ఆ మోటారు నడిచేటప్పుడే దాదాపు 3.7 కిలోవాట్లు, స్టార్టయ్యే క్షణంలో దానికి ఐదారింతల కరెంటు లాగుతుంది. పైగా వ్యవసాయానికి 2018 జనవరి నుంచి ఉచిత కరెంటు ఇరవై నాలుగు గంటలిస్తున్న చోట బోరు కోసం గాలిమర పెట్టడంలో అర్థం లేదు. లైను రాని బత్తాయి తోట కాపలా గుడిసె, గొర్ల దొడ్డి, గుట్ట మీది కెమెరా, సోలార్ ఫెన్సింగ్ బ్యాటరీ లాంటి చోట్లే దీనికి పని.

ఇప్పుడు లెక్క. గాలిలోని శక్తి దాని వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగం రెండింతలైతే శక్తి ఎనిమిదింతలు. సముద్రమట్టంలో, చల్లటి వాతావరణంలో ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. కంపెనీ కాగితాల్లో వేసేది ఆ అంకెనే. మహబూబ్‌నగర్ సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది, మధ్యాహ్నం 35 డిగ్రీలుంటే ఇక్కడి గాలి 1.08 కిలోలే. అక్కడే పన్నెండు శాతం పోయింది. మిగిలిన దాంట్లో, రెక్కలకు ఎదురుగా ఒక చదరపు మీటరు మీద పడే శక్తి సెకనుకు 3 మీటర్ల గాలిలో 15 వాట్లు, 5 మీటర్లలో 67, 10 మీటర్లలో 540. ఇందులో 59.3 శాతానికి మించి ఏ రెక్కా పట్టలేదని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ 1919లోనే లెక్క తేల్చాడు. చిన్న గాలిమరల్లో రెక్కలు, ఆల్టర్నేటర్ (తిరుగుడును కరెంటుగా మార్చే యంత్రం), తీగల నష్టాలన్నీ పోను చేతికొచ్చేది 20 నుంచి 25 శాతం.

రెక్కల చుట్టు వ్యాసం 2.6 మీటర్లున్న "ఒక కిలోవాట్" గాలిమరను తీసుకుందాం. అది ఊడ్చే వైశాల్యం 5.3 చదరపు మీటర్లు. 4 మీటర్ల గాలిలో అది ఇచ్చేది 45 వాట్లు, అంటే రెండు ట్యూబులైట్లకు సరిపోయేంత. 6 మీటర్లలో 150. ప్లేటు మీద రాసిన ఒక కిలోవాట్ రావాలంటే గాలి సెకనుకు 12 మీటర్లు, అంటే గంటకు 43 కిలోమీటర్ల వేగంతో వీయాలి. అది గొడుగు పట్టుకోలేని గాలి. మన దగ్గర అట్లాంటి గాలి ఏడాదిలో ఎన్ని గంటలుంటుందో ఎవరికి వారే ఆలోచించుకోండి. అందుకే ప్లేటు మీది వాట్లను పక్కనపెట్టి రెక్కల వ్యాసం అడగండి. వ్యాసం చెప్పడానికి తడబడే దుకాణంలో సరుకు కొనొద్దు.

కొనే ముందు కొలవాలి. ఫోన్లోని వాతావరణ యాప్ చెప్పే గాలి మీ చెలకది కాదు. గాలి వేగం కొలిచే కప్పుల అనిమోమీటరు, ఆ అంకెలు రాసి పెట్టుకునే చిన్న డేటా లాగర్, పది మీటర్ల పైపు ఉంటే చాలు. లాగర్‌ను పది నిమిషాల సగటు రాసుకునేలా పెట్టండి. రోజంతటికీ ఒకే సగటు ఇచ్చే పరికరంతో మోసపోతాం, ఎందుకో చూడండి. ఒక చోట రోజంతా 4 మీటర్ల గాలి వీచింది. ఇంకోచోట పన్నెండు గంటలు గాలే లేదు, మిగతా పన్నెండు గంటలు 8 మీటర్లు వీచింది. రెండు చోట్లా సగటు 4. కానీ మొదటి దాని ఘనం 64 అయితే, రెండో దాని ఘనాల సగటు 256. కరెంటు నాలుగింతలు. మామూలుగా గాలి లేచి పడే తీరుకు, సగటు వేగం ఘనాన్ని 1.9తో హెచ్చిస్తే నిజానికి దగ్గరగా వస్తుంది. ఆ లెక్కన పైన చెప్పిన గాలిమర ఉన్న ఎత్తులో సగటు 5 మీటర్లున్న నెలలో నూరు యూనిట్ల దాకా ఇస్తుంది. సగటు 3 అయితే ఇరవై యూనిట్లు. అదే గాలిమర, అదే ఖర్చు.

కొలవాల్సిన కాలం మిరుగం నుంచి ఆశ్లేష కార్తె దాకా. మన దగ్గర గాలి కాలమంటే ఆ ఐదు కార్తెలు, జూన్ నుంచి ఆగస్టు. పడమటి గాలి రాత్రింబవళ్లు ఒకే దిక్కు నుంచి తోస్తుంది. మక్తల్, నారాయణపేట వైపు పడమర తెరిపిగా ఉన్న చెలకలు దీనికి నప్పుతాయి. నల్లమల పక్కన గుట్టల చాటున పడమర మూసుకుపోయిన చోట పెట్టి లాభం లేదు. దసరా దాటాక తూర్పు, ఈశాన్య గాలి బలహీనంగా వస్తుంది. సంక్రాంతికి పతంగి ఎగిరిందని గాలిమర పెడితే, పతంగికి చాలిన గాలి రెక్కలకు చాలదని ఫిబ్రవరిలో తెలుస్తుంది. పతంగి పనికిరాదని మాత్రం కాదు. ఆషాఢంలో దాని దారానికి మూడేసి మీటర్లకొకటి మీటరు పొడవు గుడ్డ పీలికలు కట్టి ఎగరేయండి. పీలిక సాఫీగా సాగి నిలబడిన ఎత్తులో గాలి శుభ్రంగా ఉంది. టపటపా కొట్టుకుంటూ మెలికలు తిరిగే ఎత్తులో సుడులున్నాయి. రెక్కలు ఆ సుడుల పైన ఉండాలి. పైసా ఖర్చులేని ఈ పరీక్ష చేయకుండా లక్షలు పెట్టేవాళ్లే ఎక్కువ.

సుడులు ఎంత దూరం పోతాయంటే, పది మీటర్ల చింతచెట్టు వెనక రెండు వందల మీటర్ల దాకా, ఎత్తులో చెట్టుకు రెండింతల దాకా గాలి చెడిపోయి ఉంటుంది. అందుకే వాడుకలో ఉన్న కొలత ఇది: చుట్టూ 150 మీటర్లలో ఉన్న అతి ఎత్తైన చెట్టు లేదా కట్టడం కంటే, రెక్క కింది కొస కనీసం 9 మీటర్లు పైన ఉండాలి. డాబా మీద పెట్టొద్దని చెప్పడానికి ఇదొక్కటే చాలు. ఇంకో కారణం, రాత్రి పూట స్లాబంతా గుయ్యిమంటుంది, పిట్టగోడ బోల్టుల చుట్టూ పగుళ్లు వస్తాయి. నిలువు రెక్కల గాలిమర "ఏ దిక్కు గాలైనా పడుతుంది, డాబా మీదికి బాగుంటుంది" అంటారు. దిక్కు మాట నిజమే. కానీ దాన్ని పెట్టే ఎత్తులో పట్టడానికి గాలే ఉండదు.

తెరిపి చెలకలో 18 మీటర్ల స్తంభం కనీసమనుకోండి. 10 మీటర్ల నుంచి 18కి పోతే గాలి వేగం పెరిగేది పన్నెండు శాతమే, కానీ ఘనం లెక్కలో కరెంటు నలభై శాతం పెరుగుతుంది. అదే డబ్బుతో రెక్కల వ్యాసం పెంచుతానంటే వద్దనే చెబుతాం.

స్తంభం రకాల్లో స్టే వైర్లతో, అంటే చుట్టూ లాగి కట్టే ఇనుప తాళ్లతో నిలిపి, అడుగున మడత బందు మీద పడుకోబెట్టి లేపగలిగేదే మనకు మేలు. పైకెక్కే పని ఉండదు. నిలువెత్తు పైపు నాలుగంగుళాలది, భారీ రకం జీఐ. ముక్కల అతుకులు ఫ్లాంజితో, అంటే అంచు పళ్లేలు ఎదురెదురుగా పెట్టి బోల్టులు బిగించేలా ఉండాలి. పాత బోరు పైపులు ఇంట్లో పడున్నాయని సాకెట్లు బిగించి నిలబెడతారు, ఇది మన వైపు మరీ ఎక్కువ. పైపుకు మర చుట్టిన చోట మందం దాదాపు సగమే మిగులుతుంది. నీళ్ల బరువును నిట్టనిలువుగా మోయడానికి అది చాలు. అటూఇటూ ఊగే బరువుకు చాలదు, కొన్ని నెలల్లో సరిగ్గా సాకెట్ అంచు దగ్గర మర వెంబడి చీలుతుంది.

స్టే వైర్లు నాలుగు దిక్కులా, రెండు ఎత్తుల్లో. పై వరుస రెక్క తిరిగే చుట్టుకు కనీసం అడుగు కిందకు ఉండాలి. లంగరు దిమ్మె స్తంభానికి ఎంత దూరంలో ఉండాలన్న దగ్గరే జనం పొరపాటు చేస్తారు, ఎందుకంటే దూరం పెడితే దున్నే భూమి పోతుందని బాధ. లెక్క ఇదీ. సెకనుకు 25 మీటర్ల ఈదురుగాలిలో రెక్కలు మొహం తిప్పుకోకపోతే స్తంభం తల మీద సుమారు 160 కిలోల తోపుడు పడుతుంది. లంగరు 9 మీటర్ల దూరంలో ఉంటే గాలి వచ్చే వైపు స్టే వైరు మీద లాగుడు దాదాపు 375 కిలోలు, దిమ్మెను పైకి పెకిలించే బలం 330. దిమ్మెను నాలుగున్నర మీటర్లకు దగ్గరగా జరిపితే లాగుడు 680, పెకిలించే బలం 650 కిలోలు. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతున్న కాంక్రీటు దిమ్మె తూగేది 540 కిలోలు. మొదటి దాంట్లో దిమ్మె కదలదు. రెండో దాంట్లో ఊడి వస్తుంది. కాబట్టి దూరం స్తంభం ఎత్తులో సగానికి తగ్గకూడదు. భూమి పోతుందనుకుంటే స్తంభాన్ని గెట్టు దగ్గరికి జరపండి, దిమ్మెను మాత్రం జరపొద్దు.

నేల కూడా చూసుకోవాలి. ఎర్ర చెలకలో అడుగున్నర తవ్వగానే పరుపుబండ తగిలితే అదృష్టమే, బండలోకి రంధ్రం వేసి 20 ఎంఎం రాడ్డును గ్రౌట్‌తో (పలచటి సిమెంటు ముద్దతో) దించితే దిమ్మె అవసరమే ఉండదు. కానీ అది నిజంగా బండేనా, విడిగా ఉన్న గుండా అన్నది సుత్తెతో కొట్టి చప్పుడు వినాలి. నల్లరేగడిలో వేరే తంటా. వానకు ఉబ్బి, ఎండకు పగుళ్లిచ్చి దిమ్మెను ఏడాదికింత కదిలిస్తుంది. అక్కడ దిమ్మె ఒకటిన్నర మీటర్ల లోతుకు పోవాలి, చుట్టూ నల్లమట్టి కాకుండా మొరం పోసి దిమ్మిస కొట్టాలి. ఏటా రెండుసార్లు, వానల ముందు, వానల తర్వాత టర్న్‌బకిల్ (స్టే వైరు బిగువు పెంచి తగ్గించే మర) సరిచేయాలి.

స్టే వైరు తాడు కొసను మడిచి పట్టి ఉంచే బుల్‌డాగ్ క్లిప్పు బిగించే తీరు చిన్న విషయమే, కానీ తాడు జారేది అక్కడే. క్లిప్పుకు రెండు భాగాలు: గాడులున్న ఇనుప దిమ్మ, యూ ఆకారపు బోల్టు. బరువు మోసే తాడు వైపు దిమ్మ కూర్చోవాలి, తెగిన కొస వైపు యూ బోల్టు రావాలి. తిప్పి బిగిస్తే బోల్టు బరువు మోసే తాడునే నొక్కి పోగులు తెంపుతుంది. ఒక్కో చివర మూడు క్లిప్పులు, మధ్యలో తాడు మందానికి ఆరింతల ఎడం. లాగుడు పడ్డాక తాడు కొంచెం సన్నబడుతుంది కాబట్టి వారం తర్వాత మళ్లీ బిగించాలి. టర్న్‌బకిల్‌కు కూడా తీగ ముడి వేయాలి, లేకపోతే వణుకుకు అదే విప్పుకుంటుంది.

లేపేటప్పుడు స్తంభం పొడవులో సగం ఉన్న లేపుడు పైపును దానికి లంబంగా బిగించి, తాడును చేతి వించ్‌తో లాగాలి. ట్రాక్టరు వద్దు. క్లచ్ వదలగానే వచ్చే ఒక్క కుదుపు చాలు పైపు వంగడానికి. పైగా స్తంభం నిట్టనిలువుకు వచ్చాక దాని బరువు ఇటు నుంచి అటు మారుతుంది, వెనక స్టే వైరు ముందే కట్టి లేకపోతే ట్రాక్టరు మీదికే వస్తుంది. పొద్దుగాల తొమ్మిదిలోపు, ఆకు కదలని వేళ ఈ పని పెట్టుకోవాలి. మొదటిసారి గాలిమర లేకుండా ఉత్త పైపునే లేపి దించి చూడాలి. పడే దారిలో పిల్లలు, పశువులు ఉండొద్దు.

ఇక తీగల దగ్గరికి వద్దాం. స్తంభం అడుగున రెక్టిఫైయర్ (ఏసీని బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చేది), అక్కడి నుంచి గుడిసె 40 మీటర్లు, 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అనుకుందాం. పోను రాను 80 మీటర్లకు నిరోధం 0.146 ఓములు. 24 వోల్టుల బ్యాటరీ అయితే కిలోవాట్‌కు 42 ఆంపియర్లు, తీగలోనే 250 వాట్లు వేడిగా పోతాయి. 48 వోల్టులకు మారితే 21 ఆంపియర్లు, పోయేది 64 వాట్లే. తీగ మార్చకుండా నష్టం నాలుగో వంతుకు పడింది. ఇంకో ఆలోచన లేకుండా 48 పెట్టుకోండి.

అన్నిటికంటే ఎక్కువ గాలిమరలను చంపేది సోలార్ కంట్రోలర్. ఇంట్లో ఒకటి ఉంది కదా అని దానికే కలిపేస్తారు. బ్యాటరీ నిండగానే సోలార్ కంట్రోలర్ ప్యానెల్‌ను విడదీస్తుంది, ప్యానెల్‌కు దాంతో ఏమీ కాదు. గాలిమరను అట్లా విడదీస్తే దాని మీద భారం పోయి, కళ్లెం తెగిన గుర్రంలా తిరుగుతుంది. వోల్టేజీ రెండు మూడింతలు ఎగిసి ముందు కంట్రోలర్ కాలిపోతుంది, తర్వాత రెక్క విరుగుతుంది. గాలిమర మీద ఎప్పుడూ ఏదో ఒక భారం ఉండాలి. బ్యాటరీ నిండితే కరెంటును డంప్ లోడ్ అనే నిరోధకానికి మళ్లించే కంట్రోలరే కావాలి.

డంప్ లోడ్‌కు పాత గీజరు కాయిల్ పెట్టడం మన వాళ్లకు అలవాటు. 230 వోల్టుల దగ్గర 1,000 వాట్లు తాగే కాయిల్ నిరోధం 53 ఓములు. మన బ్యాటరీ నిండే వోల్టేజీ 57.6. ఆ వోల్టేజీలో అదే కాయిల్ తాగేది 63 వాట్లు మాత్రమే. మిగతా 900 వాట్లకు దారి లేక బ్యాటరీ ఉడుకుతుంది. ఒక కిలోవాట్ తాగాలంటే 3.3 ఓములు కావాలి, అంటే అట్లాంటి కాయిళ్లు పదహారు పక్కపక్కన కలపాలి. కొంత ఎగస్ట్రా ఉండాలి కాబట్టి రెండున్నర ఓముల తీగ చుట్టిన నిరోధకం కొనుక్కోవడం సుళువు. అది కుంపటిలా కాలుతుంది, గుడిసె కప్పు గడ్డికీ బ్యాటరీలకూ దూరంగా, బయటి గోడకు ఇనుప జాలీ వేసి పెట్టండి.

బ్రేక్ స్విచ్ అంటే ఆల్టర్నేటర్ మూడు ఫేజులను ఒకదానికొకటి కలిపేయడం. నెమ్మది గాలిలో రెక్కలు ఆగినట్టే అవుతాయి. గాలివాన మధ్యలో ఉరికొచ్చి వేస్తే మాత్రం ఆగవు, కాయిల్ మాడిపోతుంది. మబ్బు పట్టినప్పుడే వేయాలి. గాలి హద్దు దాటినప్పుడు కాపాడేది తోక. తోక బందు ఏటవాలుగా ఉంటుంది, గాలి పెరిగితే మడుచుకుని రెక్కలను పక్కకు తిప్పుతుంది. ఆ బందు పిన్ను తుప్పు పట్టి బిగుసుకుంటే ఏ కాపుదలా ఉండదు. గ్రీజు ఖర్చు అరవై రూపాయలో వందో.

రోగం కనిపెట్టడం కూడా చెవితోనే మొదలవుతుంది. మంచి గాలిలో కూడా రెక్కలు బద్ధకంగా, బరువుగా తిరిగితే రెక్టిఫైయర్‌లో డయోడ్ షార్టయ్యింది, లేదా ఎవరో బ్రేక్ వేసి మరిచిపోయారు. గుర్రుమని వణుకుతూ తిరిగితే మూడు ఫేజుల్లో ఒకటి తెగింది, ఎక్కువగా గాలిమర దిక్కు మారినా కరెంటును కిందికి దించే స్లిప్ రింగ్ బ్రష్ దగ్గర. తీగలు విప్పి మల్టీమీటరుతో రెండేసి ఫేజుల మధ్య ఏసీ వోల్టేజీ చూడండి. మూడు అంకెలూ దాదాపు ఒకటే ఉండాలి. అట్లా ఉన్నా వణుకుతుంటే అప్పుడు రెక్కలు చూడాలి. మొదట మూడు రెక్కల కొసలూ స్తంభం నుంచి ఒకే దూరంలో పోతున్నాయా అని కొలవండి, ఐదు మిల్లీమీటర్లకు మించి తేడా ఉండొద్దు. ఆ తర్వాత రెక్క ముందంచు తడిమి చూడండి. మట్టి దుమ్ముకు రెండేళ్లలో గరుకు కాగితంలా అవుతుంది. దానికి పాలియురేథేన్ టేపు వేస్తారు, రెక్కలు మూడింటికీ ఒకే పొడవు వేయాలి.

పిడుగుల సంగతి. స్తంభం అడుగుకూ, నాలుగు దిమ్మెల దగ్గర స్టే వైర్లకూ విడివిడిగా ఎర్త్ రాడ్లు కొట్టి అన్నిటినీ జీఐ పట్టీతో కలపాలి. బండ నేలలో రాడ్డు దిగదు, అక్కడ పట్టీనే పొడవుగా నేలలో పరిచి బెంటొనైట్ మట్టి పోస్తారు. కోతుల గురించి ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండదు. స్టే వైరు పట్టుకుని ఊగుతాయి, కిందికి వచ్చే కేబుల్ కొరుకుతాయి. మూడు మీటర్ల దాకా కేబుల్‌ను జీఐ పైపులో దాచండి. స్టే వైర్లకు పసుపు పీవీసీ పైపు తొడిగితే కోతికి జారుతుంది, ట్రాక్టరు వాళ్లకు కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, పెట్టాలా వద్దా అని. తోట గుడిసెలో 9 వాట్ల బల్బులు మూడు ఐదు గంటలు, కెమెరా, రౌటర్ కలిపి 20 వాట్లు రోజంతా, 30 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు, ఫోన్లు. రోజుకు యూనిట్‌కు కొంచెం తక్కువ. 500 వాట్ల సోలార్ ప్యానెళ్లు మామూలు రోజుల్లో దానికి రెండింతలు ఇస్తాయి. కాబట్టి ముందు సోలార్, దానికి 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీలు నాలుగు. సగమే వాడుకున్నా రెండున్నర రోజులు వస్తాయి. ముసురు పట్టి వారం రోజులు ఎండ మొహం చూడని ఆరుద్ర, పునర్వసుల్లోనే సోలార్ చేతులెత్తేస్తుంది, సరిగ్గా అప్పుడే పడమటి గాలి జోరు మీదుంటుంది. ఆ ముసురు రోజుల్లో కరెంటు ఆగితే నష్టం ఉన్నవాళ్లకు, కొలిచిన గాలి సగటు 5 దాటినవాళ్లకు గాలిమర గిట్టుతుంది. మిగతావాళ్లు అదే డబ్బుతో ఇంకో రెండు ప్యానెళ్లు కొనుక్కోవడమే మంచిది.

పెట్టినవాళ్లు ఏడాదంతా నిలబెట్టి ఉంచాల్సిన పని లేదు. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలివానలు పావుగంటలో స్తంభాన్ని మెలితిప్పి పోతాయి, ఆ పావుగంట గాలితో వచ్చే కరెంటు లెక్కలోకి రాదు. ఉగాది దాటాక ఒక నిశ్శబ్దమైన పొద్దున బ్రేక్ వేసి, స్తంభాన్ని పడుకోబెట్టి, రెక్కలు విప్పి లోపల పెట్టండి. గ్రీజు, బ్రష్‌లు, క్లిప్పులు, టేపు పనులన్నీ నేల మీదే అయిపోతాయి. మిరుగం తొలకరి గాలివాన వెళ్లి పడమటి గాలి కుదురుకున్నాక మళ్లీ లేపుకోవచ్చు.